అగరొత్తి క్లాసులో తాపీ చప్పుడు

"అక్కా, ఇంకొంచెం ఎడమకి... ఆఁ, ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది!" అని ఫోన్లోంచి పిల్లలు అరుస్తున్నారు. నేనేమో ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో అగరొత్తి పట్టుకుని, ఇంకా స్లాబు వెయ్యని మా ఇంటి గదిలో గోడ వెంబడే జరుగుతున్నాను. నాకైతే ఏ చప్పుడూ వినపడట్లేదు.

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వొచ్చేదండీ. సమాధుల దొడ్డి పక్కనుంచి ఒక్కదాన్నే ట్యూషన్‌కి వెళ్లొచ్చిన దాన్ని. అది కూడా సాయంత్రం నాలుగింటికి, ఎండ మొహం మీద కొడుతుంటే భయమేంటి?

నేను చదివింది ఇంటరు, అదీ ఒక సబ్జెక్టు మిగిలిపోయింది. భవానీపురంలో ఒక ఆర్కిటెక్టు మేడమ్ గారి దగ్గర పనిచేస్తాను. ఆవిడ కాలేజీ పిల్లలకి ఆన్‌లైన్లో క్లాసు చెప్తారు. ఎండని ఎలా ఆపాలి, గాలికి దారి ఎలా ఇవ్వాలి, ఏసీ లేకుండా ఇల్లు ఎలా చల్లగా ఉంటుంది, అవే. కెమెరా పట్టుకోవడం, అటెండెన్సు వెయ్యడం, మాట్లాడేవాళ్లని అన్‌మ్యూట్ చెయ్యడం నా పని. వింటూ వింటూ నాకూ సగం వచ్చేసింది.

పిల్లలు ఉత్త బొమ్మలు గీసి పెడితే మేడమ్ గారు ఒప్పుకోరు. "ముందు అగరొత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూపించండి" అంటారు. ఒకబ్బాయి హాస్టల్లో వెలిగిస్తే, ఏం తాగుతున్నావురా అని వార్డెన్ తలుపు బాదాడంట.

ఆ వారం క్లాసుకి మా ఇల్లే పాఠం. కంకిపాడులో మాకున్న చిన్న స్థలంలో రెండు గదులు వేసుకుంటున్నాం. మా అమ్మకి ఆయాసం. ఎండాకాలం రేకుల కింద పడుకోలేక మంచం ఎత్తుకుని వీధిలోకొచ్చేస్తుంది. అందుకే అమ్మ గదికి గాలి రావాలి, నాకు అదొక్కటే పట్టుదల.

తీరా చూస్తే మేస్త్రి బాబాయి కిటికీ పడమట పెట్టేశాడు. "రోడ్డు వైపైతే లుక్ బావుంటది అమ్మాయ్. దక్షిణం తెరిస్తే వాస్తుకి మంచిది కాదు" అన్నాడు. "చర్చికెళ్లే వాళ్లకి వాస్తేంటి బాబాయ్?" అన్నాను. "గోడకి తెలుసా మీరు ఎక్కడికెళ్తారో?" అనేసి టీకి పోయాడు. దక్షిణం గోడ క్లాసు రోజే లేపాడు. ఇంకా పచ్చిగానే ఉంది. రెండ్రోజులు పోయి బాగా గట్టిపడ్డాక కొడితే గోడంతా కదులుతుంది.

సాయంత్రం క్లాసులో అగరొత్తి వెలిగిస్తే గదిలో పొగ నిలువునా లేచింది. గాలే లేదు. "పడమటి ఎండ లోపలికొస్తోంది, దక్షిణం నుంచొచ్చే పైరగాలి బయటే ఆగిపోతోంది. దక్షిణం తెరవాలి, కానీ ఎక్కడ?" అన్నారు మేడమ్ గారు. గోడ అవతల పక్కింటి వాళ్ల గోడలు అడ్డం. లోపల్నించి ఏమీ కనపడదు, అటు వెళ్లి చూసే చోటూ లేదు.

అప్పుడే ఒకమ్మాయి అడిగింది, "అక్కా, అక్కడ ఇటుకల మీద కొడుతున్నదెవరు?"

ఎవరూ లేరు. కూలీలు కూడా వెళ్లిపోయారు. మేడమ్ గారు పిల్లలందర్నీ మ్యూట్ చేశారు. అయినా ఆవిడకీ వినిపిస్తోందంట. చప్పుడు ఎవరి దగ్గర్నుంచి వస్తే వాళ్ల పేరు చుట్టూ గీత వెలుగుతుంది కదా, నా పేరు చుట్టూనే వెలుగుతోంది. నేను నోరు విప్పలేదు. పక్కవీధిలో ఎక్కడన్నా పని జరుగుతోందేమో అని బయటికెళ్లి చూశాను. ఏమీ లేదు.

మళ్లీ అన్‌మ్యూట్ చెయ్యగానే పిల్లలకి అదొక ఆటైపోయింది. ఇటు జరుగు, అటు జరుగు అని నన్ను తిప్పారు. గోడకి కుడి చివర, నా నడుం ఎత్తు దగ్గర బాగా గట్టిగా వినిపించి, టక్కున ఆగిపోయిందంట. అక్కడ ఇటుక ముక్కతో గీత గీశాను.

రాత్రి క్లాసు రికార్డింగు పెట్టుకుని విన్నాను. ఈసారి నాకూ వినిపించింది. రెండు దెబ్బలు, కాసేపు ఆగి ఒకటి.

మా నాన్న తాపీమేస్త్రి. పోయి రెండేళ్లు. ఇటుక తియ్యగానే తాపీతో రెండు కొట్టి, ఆగి, ఇంకోటి కొట్టేవాడు. ఖంగుమంటేనే గోడలో పెట్టేవాడు. ఊరందరికీ ఇళ్లు కట్టాడు గానీ మాకు కట్టలేకపోయాడు.

అమ్మకి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. "బతికున్నన్నాళ్లూ రేపు మొదలెడతానే అన్నాడు. ఇప్పటికి తీరిందేమో ఆయనకి!"

అది మా నాన్నే అని నేననను. ఫోనులో ఏదన్నా తేడా అనుకుందామంటే, అదే ఫోనుతో ఇప్పటికీ క్లాసులు జరుగుతున్నాయి, మళ్లీ ఎప్పుడూ రాలేదు. మేడమ్ గారు అంత చదువుకున్నారు, ఆవిడ కూడా నాకు తెలీదమ్మా అనేశారు. ఎన్నిసార్లు ఆలోచించినా నాకూ అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మని తీసుకుని మొదటి బస్సుకి కంకిపాడు వెళ్లిపోయాను. బాబాయి రాకముందే, గీత గీసిన చోట ఇనప చువ్వతో సిమెంటు గీకి, ఊపి ఊపి, పైనుంచి ఇటుకలు ఒక్కోటీ ఊడదీశాను. అవతల రెండిళ్ల గోడల మధ్య సరిగ్గా అక్కడే సందు ఉంది. చేతులు దోక్కుపోయాయి. గాలి మొహానికి తగిలింది. అమ్మని పిలిచి, ఇటుకల దొంతర మీద ఆ గాలికి ఎదురుగా కూర్చోబెట్టాను.