టీవీలో ఆడ పూజారి, తిఫ్రాలో నేను

సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి మా అమ్మ టీవీ ముందు కూర్చునేది. అదొక హిందీ కామెడీ సీరియల్. ఏదో పల్లెటూరికి ఒక ఆడమనిషి పూజారిగా వస్తుంది, ఊరంతా కలిసి ఆమెని ఏడిపిస్తుంది. హారతి పళ్ళెం జారిపోతుంది, మంత్రం మధ్యలో మేక గుళ్ళోకి దూరుతుంది, వెనకనుంచి నవ్వుల చప్పుడు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ వారం మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆదివారం మా ఊరి శివారు తిఫ్రాలో ఒక గృహప్రవేశం నేను చేయించాలి.

మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, రైల్వే కాలనీలో మన తెలుగు పద్ధతి తెలిసిన పంతులు దొరక్క, శ్రీకాకుళం వైపు పల్లెలో చిన్నప్పుడు నేర్చుకున్న మంత్రాలతో, డ్యూటీ లేని రోజుల్లో తనే పూజలు చేయించేవాడు. ముహూర్తం అడిగితే ఒక చేత్తో పంచాంగం, ఇంకో చేత్తో ఇంటివాళ్ళ డ్యూటీ చార్టు పట్టుకునేవాడు. పెళ్ళికొడుకు గూడ్సు బండి మీద ఉండగా వచ్చే ముహూర్తం ఎంత మంచిదైతే ఏం లాభం? పూజ సంచీ పట్టుకుని వెంట తిరిగినదాన్ని నేనే. వినీ వినీ మంత్రాలు చాలావరకు నోటికొచ్చేశాయి, వరస మాత్రం తెలీదు. ఆ ఏడు గొంతు ఆపరేషన్ అయ్యాక నాన్నకి గుసగుస తప్ప మాట రాలేదు.

తిఫ్రాలో ఇల్లు కట్టుకున్నది నాన్నతో షెడ్డులో పనిచేసినాయన.

"మీ నాన్న పక్కన కూకుంటాడు. నువ్వు సేయించమ్మా" అన్నాడు.

నాన్న వెంటనే తలూపేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. నాకు ఒళ్ళు మండింది.

"టీవీలో అయితే బాగుంటాదే" అంది అమ్మ. "నిజంగా సేస్తే నలుగురూ నవ్వరేటి? ఆలింట్లో మామ్మ ఊరుకుంటాదా? సాప మీంచి లేసిపోతాది, సూడు."

మామ్మ అంటే ఆయన తల్లి. పులుసులో ఉప్పు తగ్గితే వడ్డించినవాళ్ళ ముఖం మీదే చెప్పేస్తుంది. ఆవిడ లేస్తే వచ్చినవాళ్ళంతా లేస్తారు. నాన్న ఇన్నేళ్ళు చేసిన పని నా చేతిలో నవ్వులపాలవుతుంది. నా భయమంతా అదే.

నాన్న పుస్తకం తెలుగులో ఉంది. నాకప్పట్లో తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు. ఇప్పుడు ఇలా రాస్తున్నానంటే, తర్వాత అదే పుస్తకం పెట్టుకుని కుస్తీ పట్టి నేర్చుకున్నదే. ఆ వారం అంత తీరికేది? ఫోన్లో రాజమండ్రి పంతులుగారి వీడియో ఒకటి పెట్టుకుని, ఆపి ఆపి, అంతా హిందీ అక్షరాల్లో రాసుకున్నాను. కళ్ళు మూసుకుంటే చాలు, మేక గుళ్ళోకి వచ్చేది.

ఆదివారం పొద్దున్న కొత్త ఇల్లంతా సున్నం వాసన. నాన్న నా పక్కన కూర్చున్నాడు. మామ్మ సరిగ్గా నా ఎదురుగా చాప వేయించుకుంది. వెనక ఎవరో "అచ్ఛా" అన్నారు. అది కూడా నాకు ఎగతాళిలాగే వినిపించింది. గణపతి పూజ అయ్యేదాకా నాన్న పెదవులు నా మాటలతోపాటు కదులుతూనే ఉన్నాయి. నా చేతిలో కాగితం చెమటకి తడిసిపోయింది.

సంకల్పం దగ్గరికి వచ్చాను. పూజ ఎక్కడ, ఏ నది ఒడ్డున జరుగుతోందో దేవుడికి చెప్పుకునే చోటు అది. వీడియోలో ఉన్నది ఉన్నట్టు, కృష్ణా గోదావరుల మధ్య అని గడగడా చదివేశాను.

"ఆగు" అంది మామ్మ, చెయ్యెత్తి.

అయిపోయింది అనుకున్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటమ్మా, ఇల్లు తిఫ్రాలో కట్టుకుంటే పూజ గోదారి కాడ సేస్తన్నావేటి? మీ నాన్న ఎప్పుడూ మన ఊరి అర్పా ఒడ్డునంటాడు కదా. మల్లీ సెప్పు. మా ఇల్లెక్కడో దేవుడికి తెలవాల."

మామ్మ నవ్వినవాళ్ళకేసి తిరిగింది.

"నవ్వుతారేటి? ఈ గుంట నాన్న కొత్తలో ఇక్కడ కూకుని ఆల ఊరి వంశధార అనీసేవోడు. అప్పుడూ నేనే దిద్దినాను. సెప్పమ్మా, పాలు పొంగే ఏలయిపోతంది."

నాన్న సిగ్గుపడుతూ తలదించుకున్నాడు. చెప్పాను. వానలు పోతే ఇసక తప్ప నీళ్ళు కనబడని మా అర్పా పేరు గట్టిగా, రెండుసార్లు చెప్పాను. మామ్మ చాప మీంచి కదల్లేదు. అక్షతలు పట్టుకుని చేతులు జోడించింది. కాసేపటికి పక్కకి చూస్తే నాన్న పెదవులు కదలడం లేదు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఇకనుంచి ఆ మాటలు నేనే మోయాలని అర్థమై, ఇందాకటికంటే ఎక్కువ భయమేసింది. పాలు పొంగాయి.

సాయంత్రం ఏడున్నరకి అమ్మ టీవీ పెట్టింది. ఆ పల్లెటూరి పూజారి మంత్రం తప్పు చెప్పింది. ఊరంతా పడీ పడీ నవ్వింది. అమ్మ నవ్వలేదు.

"పాపం, ఆ పిల్లకి పక్కన కూకుని దిద్దేవోలు ఒక్కరూ నేరు" అంది.