డ్రమ్ముకు పెట్టిన బొట్టు

తొమ్మిదేళ్లుగా ఒక చుక్కను మోస్తున్నాను. కొలిస్తే ఆవగింజంత. బరువు మాత్రం నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో గుమస్తాను. తొమ్మిదేళ్ల కిందట దసరా సెలవులకు ముందు మస్తాన్ భాయ్ వచ్చి, నేను పక్కనే నిలబడి చూస్తుండగా, మా లేజర్ ప్రింటరును శుభ్రం చేసి వెళ్లాడు. ఊళ్లో సగం ప్రింటర్లు ఆయన చేతి చలవతోనే బతికేవి. కార్ట్రిడ్జి తీసి, అందులో తిరుగుతూ కాగితం మీద అచ్చు వేసే, ఆకుపచ్చగా మెరిసే డ్రమ్మును చూపించి, దీన్ని వేలితో తాకొద్దని రెండుసార్లు చెప్పాడు. డిగ్రీ చదివినవాణ్ణి కదా, ఒకసారి చాలదా అనుకున్నాను.

మర్నాడే ఆఫీసులో ఆయుధపూజ. వస్తువులన్నిటికీ బొట్లు పెట్టే పని నాది. బీరువాకు పెట్టాను, ఫ్యానుకు పెట్టాను, ప్రింటరు దగ్గర ఆగాను. పైనున్నది ఒట్టి డబ్బా. కష్టపడేది లోపలిది. బొట్టు దానికి కదా దక్కాలి? ఈ తర్కంలో లోపం నాకిప్పటికీ కనబడదు. కార్ట్రిడ్జి తీసి పెట్టాను. తడి పసుపు, పైన కుంకుమ, డ్రమ్ము మధ్యలో, గుండ్రంగా.

సెలవుల తర్వాత హాల్‌టికెట్లు తీస్తే పేజీకి మూడు నల్లచుక్కలు, డ్రమ్ము తిరిగినప్పుడల్లా ఒకటి చొప్పున, సమాన దూరంలో. ఒకటి సరిగ్గా ఫొటో నుదుటి మీద. కులమతాలతో పని లేకుండా కాలేజీ మొత్తానికీ బొట్టు. ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. గోరుతో గీకాను. రంగు పోయింది. డ్రమ్ము మీద గీత మిగిలింది.

ప్రిన్సిపాల్ మస్తాన్ భాయ్‌ని పిలిపించారు.

“నేను గాలి ఊదే బ్లోయరు తప్ప ఏమీ తగిలించలా సార్. ఇది గోరు గీత.”

“గోరు గీతయితే నీదే అయ్యుంటది. దాన్ని విప్పేది నువ్వేగా? ఇంక రామాకు.”

ఆయన నా వైపు చూశాడు. నేను ఫైలు చదువుతున్నాను. అది తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది.

మస్తాన్ చెయ్యి పడితే డ్రమ్ము పోతుందన్న మాట ఊరంతా పాకింది. మిగతా కాలేజీలూ పిలవడం మానేశాయి. ఆయన రోజూ బస్సెక్కి చిలకలూరిపేట మిల్లుల ఆఫీసులకు పనికి పోయేవాడు. నేనెందుకు నోరు విప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. డ్రమ్ముకు బొట్టు పెట్టానంటే నవ్వుతారని. నాలా జనాన్ని నవ్వించడం వ్యసనమైనవాడికి, ఆ నవ్వు తన మీదికి తిరుగుతుందంటే ఇంత పిరికితనం ఉంటుందా?

పోయిన సోమవారం మా కొత్త ప్రింటరూ చుక్కలు పెట్టింది. పారేద్దామన్నారు ప్రిన్సిపాల్. నేను స్విచ్చి ఆపి, వేడి చల్లారనిచ్చి, డ్రమ్ము మీద వెలుతురు పడకుండా కిటికీలు మూసి కార్ట్రిడ్జి తీశాను. లోపల రాలిన టోనరు పొడిని ఊదాను. రోలర్లు తుడిచాను. డ్రమ్ముకు అంటిన టోనరు ముద్దను మెత్తటి పొడిగుడ్డతో, ఊపిరి బిగబట్టి తీశాను. పేజీ వచ్చింది. తెల్లగా. ఒక్క చుక్క లేదు. స్టాఫంతా చప్పట్లు. ఎవరు నేర్పారని అడిగారు ప్రిన్సిపాల్.

“మస్తాన్ భాయ్. ఆనాటి గోరు నాది సార్.”

బొట్టు సంగతీ చెప్పాను. అందరూ నవ్వారు. తొమ్మిదేళ్లు భయపడిన నవ్వు, అర నిమిషంలో అయిపోయింది. పరీక్షలో ఫస్టొచ్చినప్పుడు కూడా అంత గర్వంగా నిలబడలేదు నేను.

ప్రిన్సిపాలే ఫోను చేశారు. నిన్న మస్తాన్ భాయ్ వచ్చాడు. కాలేజీ పని మళ్లీ ఆయనదే. స్టాఫందరి ముందు, ఆయనకే, ఇంకోసారి చెప్పాను. క్షమించమని నేనడగలేదు. క్షమించానని ఆయనా అనలేదు. గోళ్లు చూపించమన్నాడు.

చేతులు చాపాను. తొమ్మిదేళ్లుగా మొదలంటా కత్తిరించుకుంటున్న గోళ్లు. చాలాసేపు చూశాడు. చూడనిచ్చాను. చేతులు తేలిగ్గా ఉన్నాయి.