చూడలేదు, చదివాను

నాపరాళ్ళ గచ్చు మీద తొలి చినుకులు పడినప్పుడు లేచే వాసన నన్ను నేరుగా మా ఊరు దుర్గిలోని బడి వరండాలోకి తీసుకుపోతుంది. అక్కడ గోడకి బిగించిన నల్లటి నాపరాయే మా బోర్డు. రాహేలమ్మ టీచరు రోజూ పొద్దున్నే దాన్ని తడిగుడ్డతో తుడిచేవారు. అప్పుడూ అచ్చం ఇదే వాసన. ఆ తడి ఆరేదాకా కూడా ఆగలేక మేమంతా చుట్టూ మూగేవాళ్ళం.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులవి. మాచర్ల నుంచి బస్సులో వచ్చే పేపరు మాకు ఒక రోజు ఆలస్యంగా అందేది. అందులోంచి ఒక వింత వార్త, తన పుస్తకాల్లోంచి ఒక సంగతి, ఒక కొత్త మాట తీసి టీచరు రోజూ మూడు పంక్తులు రాసేవారు. ఎనిమిది చేతుల సముద్రజీవి ఒకదానికి మూడు గుండెలుంటాయని మాకు తెలిసింది అక్కడే. ఎక్కడో ఒక మేక రైలెక్కి రెండు స్టేషన్లు ప్రయాణం చేసిందని చదివి వారం రోజులు నవ్వుకున్నాం. 'కుతూహలం' అని రాసిన రోజు అర్థం అడిగితే, "మీరు ఇప్పుడు పడుతున్నదే" అన్నారు. బండి తోలుకుపోయేవాళ్ళు కూడా ఎడ్లని ఆపి, "ఇయ్యాల ఏం రాసిందే మీ పంతులమ్మ?" అని అడిగి మరీ వెళ్ళేవాళ్ళు.

ఒక రోజు ఆవిడ 'నీళ్ళ మీద తేలే రాయి ఉంది' అని రాశారు. మా నాన్న బ్రహ్మయ్యాచారి విగ్రహాలు చెక్కే శిల్పి. రాయిని సుత్తితో తట్టి, ఆ మోత విని లోపల పగులుందో లేదో చెప్పేవాడు. అక్షరమ్ముక్క మాత్రం రాదు. నేను ఇంటికెళ్ళి ఈ సంగతి చెప్పగానే ఉలి కింద పడేసి బడికి బయల్దేరాడు.

"ఏంది పంతులమ్మా ఈ రాత? రాముడి కాలంలో తేలినయ్యంటే నమ్ముతాం. మళ్ళా ఇప్పుడు మీ బోర్డు మీద తేలుతున్నయ్యా? మీరు చూశారా?"

"చూడలేదు ఆచారి గారూ, చదివాను."

"చూడకుండానే రాశారా! నేను పుట్టినకాణ్ణించీ రాళ్ళ మధ్యనే ఉన్నా. వచ్చే పున్నమిలోగా చూపించండి. లేకపోతే మా పిల్లని మాన్పిస్తా."

నాన్న ఊరికే బెదిరించే మనిషి కాదు. నేను అప్పుడు అయిదో తరగతి. మర్నాడు టీచరు ఆ పంక్తి తుడవలేదు. దాని పక్కన 'చదివాను' అని మాత్రం చేర్చారు. అప్పట్నుంచీ ప్రతి పంక్తి పక్కనా చూశానో, చదివానో, విన్నానో రాయడం మొదలుపెట్టారు. 'చూశాను' అని రాసిన రోజులు బహు తక్కువ.

పున్నమి వచ్చింది, వెళ్ళింది. నా బడి ఆగిపోయింది. పెరట్లో కూర్చుని విగ్రహాల వీపులు ఇసకతో రుద్దుతుంటే టీచరు మీద నాకు పట్టరాని కోపం వచ్చేది. చూశానని ఒక్క అబద్ధం ఆడితే ఆవిడ సొమ్మేం పోయింది? అయినా నీళ్ళకి వెళ్ళినప్పుడు బడి మీదుగా చుట్టు తిరిగి వెళ్ళి, ఆ మూడు పంక్తులూ చదువుకునే వచ్చేదాన్ని.

నెల దాటాక ఒక సాయంత్రం టీచరు మా ఇంటికొచ్చారు. ఆవిడకి విశాఖ రేవులో పనిచేసే తమ్ముడున్నాడు. అతను ఎవరో ఓడ మనిషినడిగి సంపాదించి పంపాడట, కొబ్బరికాయంత బూడిదరంగు రాయి. నాన్న దాన్ని నీళ్ళ గంగాళంలో వేశాడు. తేలింది. అడుక్కి నొక్కి వదిలాడు. మళ్ళీ పైకి వచ్చింది.

"లోపల బోలుగా ఉండుంటది" అని బయటికి తీసి, ఉలి పెట్టి నాలుగు ముక్కలు చేశాడు. నాలుగు ముక్కలూ తేలాయి. నాన్న చాలాసేపు గంగాళం దగ్గరే గొంతుక్కూర్చున్నాడు.

"ఇది ఎట్టా పుట్టింది పంతులమ్మా?"

"అగ్నిపర్వతం కక్కిన నురగ గడ్డకడితే ఇలా అవుతుందట. అదీ నేను చూడలేదు."

నాన్న పెద్దగా నవ్వాడు. "ఇంకా ఏమేం రాళ్ళున్నయ్యి ఈ లోకంలో?"

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చారు. నాన్న పంచెకు చేతులు తుడుచుకుని అందుకున్నాడు, పేజీలు తిప్పాడు, చివరికి నాకిచ్చాడు. "పైకి చదవవే."

రెండు వాక్యాలు చదివి మూడో దాంట్లో ఆగిపోయాను.

"ఆగినవేందే?"

"ఈ మాట నాకు రాదు నాన్నా."

నాన్న టీచరు వంక చూశాడు, తర్వాత నా వంక. "రేపు బడికెళ్ళి నేర్చుకురా. నాకు చానా తెలుసుకోవాలనుంది."

తర్వాత నేనూ పంతులమ్మనే అయ్యాను. 'నేను చూడలేదు' అని నలభైమంది పిల్లల ముందు ఒప్పుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ మాట మీదే నిలబడితే నా చదువు పోతుందని తెలిసీ ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆ మాట అనే ముందు నాకు ఇప్పటికీ కొంచెం భయమేస్తుంది. అయినా అంటాను.