ఫోనక్క అడిగిన సగం

బ్యాటరీల ఫ్యాక్టరీలో ముడిసరుకు కొనే ఆవిడను అందరూ ఫోనక్క అంటారు. కళ్ళజోడు నెత్తిమీదకు తోసుకుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చల్లారిన టీ తాగుతూ గనులవాళ్ళనీ ఓడలవాళ్ళనీ పలకరిస్తుంటుంది. తను ఏమీ కొననివాళ్ళ మంచిచెడ్డలు కూడా కనుక్కుంటుంది. "ఊసుపోని కబుర్లు" అని మేనేజరు విసుక్కునేవాడు.

ఇంతలో లిథియం పంపే దేశం ఎగుమతులు ఆపేసింది. మిషన్లు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. పెద్ద వ్యాపారులంతా మొహం చాటేశారు. అప్పుడు ఫోనక్క, పాత బ్యాటరీల నుంచి లిథియం తీసే ఒక చిన్న వ్యాపారికి ఫోను చేసింది. అతని దగ్గర ఏనాడూ ఒక్క బస్తా కొన్నది లేదు.

"మా అమ్మ ఆపరేషనప్పుడు రోజూ ఎలా ఉందని అడిగింది మీరొక్కరే అక్కా. ఉన్నదంతా పట్టుకెళ్ళండి."

"మరి మీ దగ్గర కొనే ఆ చిన్న వర్క్‌షాపువాళ్ళో?"

"వాళ్ళకు ఈసారి సరుకు లేదని చెప్పేస్తాలే అక్కా."

"వాళ్ళ పొట్ట కొట్టకు తమ్ముడూ. మాకు సగం చాలు."

ఆ సగంతో ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు నడిచింది, రెండోది ఆగింది. "అంతా ఇస్తానంటే సగమేంటమ్మా!" అని మేనేజరు ఎగిరిపడ్డాడు.

"మిగతాది ఎక్కడో ఒకచోట తెస్తాను సార్, కాస్త టైమివ్వండి."

తెచ్చింది కూడా. ఈలోగా మేనేజరు అన్న మాటలన్నీ పడింది. ఆ వర్క్‌షాపువాళ్ళకు ఫోనక్క ఎవరో ఇప్పటికీ తెలియదు.