చెలమలో జానెడు లోతు

ప్రయోగశాలలో ఉప్పునీటి నమూనా సీసా మూత తీసినప్పుడల్లా ఆ దణ్ణం గుర్తొస్తుంది.

ఉద్దానం తీరంలో, చేపల వేటతో బతికే మా పల్లెకు ఇసుకలో తవ్విన చెలమే తాగునీరు. వానలు లేని ఆ ఏడు ఆడవాళ్లు వంతులు వేసుకుని, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడేవారు. మోకాటిలోతు మించి తవ్వకూడదన్నది కట్టుబాటు. తొమ్మిదేళ్ల నేను బిందె త్వరగా నిండాలని జానెడు ఎక్కువ తవ్వాను. మర్నాటికి నీళ్లు ఉప్పగా మారాయి.

"ఏటి సేసినావే? ఊరందరి నోట్లో ఉప్పు కొట్టినావు," అంది అమ్మమ్మ.

పక్క కొబ్బరితోట ఆసామి తన కొత్త మోటారు దగ్గర మాకు బిందెడు నీళ్లు పట్టనిచ్చాడు.

"పిల్లకి బుద్ధి సెప్పుకోయే. నీళ్లంటే పొదుపుండాల."

"సెప్తాను బాబూ," అని అమ్మమ్మ నా చేత ఆయనకు దణ్ణం పెట్టించింది. మోటారు ఆగలేదు.

భూగర్భజలాలు చదివాక తెలిసింది. తీరపు ఇసుకలో తీపినీరు ఉప్పునీటిపై పలుచని పొరగా నిలుస్తుంది. జానెడు గుంట పూడిస్తే ఆ పొర కొద్దిరోజుల్లో తేరుకుంటుంది. రేయింబవళ్లు తోడే మోటారు దాన్ని తేరుకోనివ్వదు. ఆ చెలమ నీళ్లు మళ్లీ తియ్యగా మారలేదు. అమ్మమ్మ చివరిదాకా నన్నే తప్పుపట్టింది.

ఆమె మీద నాకు కోపం లేదు. ఆ దణ్ణం మాత్రం నాకు తిరిగి కావాలి.