జక్కయ్య మాస్టారి తెల్ల బూట్లు

జక్కయ్య మాస్టారు ఎవరినైనా కాళ్ళ దగ్గర నుంచి చూడటం మొదలుపెడతాడు. కాళ్ళు నచ్చితే ముఖం దాకా వస్తాడు, నచ్చకపోతే అక్కడే ఆగిపోతాడు. గుణదలలో ఏలూరు కాలువ గట్టు మీద తెల్లవారుతూనే ఈల వినిపించిందంటే అది ఆయనదే. పాల ప్యాకెట్లు వేసేవాళ్ళూ, మరియమ్మ తల్లికి మొక్కు తీర్చుకోవడానికి కొండకి పోయేవాళ్ళూ ఆ ఈలకి పక్కకి తప్పుకుంటారు. వెనకాలే ఓ గుంపు ఆడపిల్లలూ మగపిల్లలూ కానిస్టేబుల్ ఉద్యోగం కోసం ఒగరుస్తూ పరుగెత్తుకొస్తారు.

పగలు ఆయన ఓ ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టారు. పొద్దున్నే మాత్రం ఈ పిల్లలకి ఆయనే దేవుడు, ఆయనే యముడు. ఫీజు పుచ్చుకోడు, ఆ మాట నిజం. ఫీజుకి బదులు దండాలు పుచ్చుకుంటాడు. ఆయన చేతి కింద పరుగెత్తి ఖాకీ చొక్కా తొడుక్కున్నవాళ్ళు విజయవాడలో ప్రతి స్టేషన్లోనూ ఒకరైనా ఉన్నారు. రోడ్డు మీద కనిపిస్తే బండి ఆపి మరీ నమస్కారం పెడతారు. ఆ పూట ఆయన ఇంటికి వచ్చి అన్నం రెండుసార్లు వడ్డించుకుంటాడు.

ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది, సోమవారం తనిఖీ. పిల్లలంతా గట్టు మీద వరసగా నిలబడాలి. బూట్లు తెల్లగా, తెల్ల పాలిష్ పట్టించి, లేసులతో సహా మల్లెపూలలా ఉండాలి. మరక కనిపిస్తే కాలువ వంతెన దాకా పోయి రావాలి. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క బూటునైనా తిరగేసి చూసిన పాపాన పోలేదు. పైన పటారం లోన లొటారం అన్న సామెత తెలియక కాదు, ఊళ్ళోవాళ్ళ మీద బోలెడుసార్లు వాడాడు కూడా.

ఈ పిచ్చికి ఒక పుట్టుక ఉంది. జక్కయ్యది ఉయ్యూరు పక్క పల్లె. తండ్రి చెరకు కొట్టే కూలి. కొడుకు పోలీసు సెలెక్షన్‌కి పోతున్నాడని ఆ మహానుభావుడు ముందురోజు సాయంత్రం బెజవాడ వచ్చి కొత్త బూట్లు కొనిచ్చాడు. మర్నాడు పరుగు సగంలో మడమలు బొబ్బలెక్కి, తోలు ఊడి, జక్కయ్య ట్రాకు పక్కన కూలబడిపోయాడు. మళ్ళీ ఆ అవకాశం రాలేదు. పరుగు రేపనగా కొత్త బూట్లు తొడగకూడదని అందులో పాఠం. బూట్లు అసలు మార్చనే కూడదని ఆయన నేర్చుకున్నాడు. పాత బూటు చుట్టం, కొత్త బూటు శత్రువు అని గట్టు మీద పిల్లల చేత వల్లె వేయించేవాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఆ మూడు కాళ్ళ కుందేలు చివరికి కన్నకూతురి మీదకే వచ్చింది.

ఏంజెల్ ఆయన ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ అయింది, కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది పరుగు. అది ఇవాళా రేపూ అంటూ వాయిదాల మీద వాయిదాలు పడింది. అన్ని రోజులూ పిల్ల పరుగు ఆపలేదు, ఎప్పుడో కొన్న ఒకే జత బూట్లతో. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ నోటిఫికేషన్ వచ్చినా ఆమెకి పనికిరాదు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. జక్కయ్య అయితే కూతురు గీత దాటిన రోజున తను ఆనాడు కూలబడిన చోటు నుంచి లేచి నిలబడతానని నమ్మాడు. పిల్లకి ఉద్యోగం కావాలి, ఆయనకి తన పరుగు పూర్తి కావాలి. ఆ రెండూ ఒకటి కాదని ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాడు కాదు.

ఆ బూట్లని శనివారం శనివారం కడిగేది ఏంజెల్ తల్లి రూతు. బ్రష్షుతో రుద్ది, నీడన ఆరబెట్టి, తెల్ల పాలిష్ పట్టిస్తే అంగడిలోంచి ఇప్పుడే తెచ్చినట్టుండేవి. ఒక శనివారం పిట్టగోడ మీద పెడితే కుడికాలి బూటు పక్కకి ఒరిగింది. సరిచేసి పెట్టింది, మళ్ళీ ఒరిగింది. తిప్పి చూస్తే మడమ బయటివైపు నున్నగా అరిగిపోయి ఉంది. ఏంజెల్ పది రోజులుగా ముంగాలి ఎముక పట్టుకుని మంచం మీద కూర్చోవడం రూతుకి అప్పుడు గుర్తొచ్చింది. మొగుడి దగ్గర ఆ మాట నెమ్మదిగా కదిపింది.

"బూటు ఒరిగితే కాలు నిటారుగా పెట్టుకోవాలి. నొప్పి అనేది బద్ధకానికి ముద్దుపేరు" అన్నాడు జక్కయ్య పేపర్లోంచి తలెత్తకుండా.

ఆ వారంలోనే బెన్నీ వచ్చాడు. ఆయన శిష్యుడే, భవానీపురంలో కానిస్టేబులు. మాస్టారిని చూసి పోదామని గట్టు మీదకి వచ్చినవాడు ఏంజెల్ పరుగు చూసి ముఖం చిట్లించాడు. ఆమె ఆగాక బూటు అడిగి తీసుకుని, అడుగుని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. రెండు చేతుల్తో వంచితే బూటు చపాతీలా మడతపడింది. కొత్తవి ఇంకా బతికుంటాయి, నొక్కితే పైకి లేస్తాయి, ఇవి ఎప్పుడో చచ్చాయి, దెబ్బంతా నేరుగా ఎముకకే పోతోంది అని ఏంజెల్‌కి చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మంచి చెబుతున్నాననుకుని మాస్టారి దగ్గరికి నడిచాడు.

"మాస్టారూ, పరుగుకి ఇంకా మూడు వారాలుందండీ. ఇప్పుడు మారిస్తే కాలికి అలవాటైపోతాయి. ఇవి మాత్రం వద్దండీ" అన్నాడు చేతులు కట్టుకుని.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. పిల్లలందరి ముందూ జక్కయ్య బెన్నీని కింద నుంచి పైదాకా చూశాడు. నీకు పరుగు నేర్పిందెవరు అని అడిగాడు. ఖాకీ తొడుక్కోగానే గురువుకి పాఠాలు చెప్పేటంత అయ్యావా అన్నాడు. నీ పొట్ట చూసుకో ముందు అంటే పిల్లలు కిసుక్కున నవ్వారు. బెన్నీ తల వంచుకుని వెళ్ళిపోయాడు. నవ్వని ఏంజెల్‌ని మాస్టారు సిమెంటు రోడ్డు మీద ఇంకో మూడు రౌండ్లు తిప్పాడు.

బెన్నీ మాత్రం మంచివాడు. అవమానం మింగి, మర్నాడు మాస్టారు బడికి పోయిన వేళ చూసి రూతు చేతిలో ఒక డబ్బా పెట్టి వెళ్ళాడు. కొత్త బూట్లు, పక్కన నీలం చార ఉంది. ఆ చార చూస్తే మాస్టారు పట్టేస్తాడు. రూతు ఆలోచించింది. ఇన్నేళ్ళు మొగుడి మెప్పు కోసం పూసిన తెల్ల పాలిష్‌నే తీసుకుని, చార కనపడకుండా పొర మీద పొర దట్టంగా పట్టించింది. ఆ సోమవారం తనిఖీలో జక్కయ్య కూతురి బూట్ల ముందు ఆగి, అందరూ ఇలా ఉంచుకోవాలి అని మెచ్చుకున్నాడు కూడా. తల్లీకూతుళ్ళు ఆ రోజు వంటింట్లో ముసిముసిగా నవ్వుకున్నారు. నాలుగు రోజులకే ఏంజెల్ నొప్పి సగానికి తగ్గింది. ఆ పిల్ల కొండ కేసి తిరిగి మరియమ్మ తల్లికి దండం పెట్టుకుంది.

ఆ సంతోషం వారం నిలవలేదు. పుష్యమాసపు మంచు, గట్టు పక్క గడ్డి తడిసి ముద్దయి ఉంది. వార్మప్‌కి గడ్డిలో తిరిగి వచ్చేసరికి పాలిష్ పాలలా కారిపోయింది. నీలం చార బయటపడింది. ఈల ఆగిపోయింది.

"విప్పు" అన్నాడు జక్కయ్య.

ఏంజెల్ విప్పింది. ఆయన అరవలేదు, తిట్టలేదు. అదే ఆయనలో చెడ్డ గుణం, మరీ కోపం వస్తే పెద్దమనిషైపోతాడు. ఆ గుంపులో హన్నా అనే పిల్ల ఉంది, ఎవరివో వదులు బూట్లలో గుడ్డలు కుక్కుకుని పరుగెత్తేది. మా అమ్మాయికి ఉన్నాయి, నీకు లేవు, తీసుకో అని ఆ కొత్త బూట్లు ఆమె చేతుల్లో పెట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. హన్నా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏంజెల్ ఉత్తికాళ్ళతో ఇంటికి నడిచి వచ్చి పాత బూట్లు తొడుక్కుని తిరిగి గట్టు మీదకి వెళ్ళింది. ఎందుకు ఎదురు తిరగలేదంటే ఏం చెబుతాం? నడక రాకముందు నుంచీ ఆ ఈల విని పెరిగిన పిల్ల. పైగా ఇంతమందిని గెలిపించిన మనిషి తన విషయంలోనే ఎలా తప్పుతాడని ఎక్కడో ఓ మూల నమ్మకం.

పరుగు రోజున రూతు తెల్లవారుజామున లేచి ఆ బూట్లకి ఇంకోసారి పాలిష్ పట్టించింది. ఆపలేని మనిషి అంతకన్నా ఏం చేస్తుంది!

పరేడ్ గ్రౌండు కంచె బయట జక్కయ్య ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాడు. ఏంజెల్ మొదటి నుంచీ ముందు గుంపులోనే ఉంది. ఆఖరి చుట్టులో మలుపు తిరుగుతుండగా కుడికాలు ఒక్కసారి లోపలికి మడతపడింది. పుల్ల విరిగినట్టు చప్పుడు ఆమెకి వినపడింది. లేచింది, రెండడుగులు కుంటింది, పడింది. వెనక నుంచి హన్నా వచ్చింది, నీలం చార బూట్లతో, ఏంజెల్‌ని చూసి ఆగబోయింది. పో, పో అని ఏంజెల్ చెయ్యి ఊపింది. హన్నా ఏడుస్తూ గీత దాటింది. ఏంజెల్ చేతుల మీద పాకుతుండగానే టైము అయిపోయిందని మైకులో చెప్పారు. కంచె బయట జక్కయ్య పక్కనున్న ఎవరితోనో, గుండె ధైర్యం చాల్లేదండీ అన్నాడు. కన్నతండ్రి అన్న మాట అది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించింది. ఎముకకి సన్నటి పగులు ముందు నుంచే ఉందనీ, దాని మీదే పరుగెత్తడంతో విరిగిందనీ చెప్పింది. ఈ బూట్లు ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారని అడిగింది. జక్కయ్య ఎక్స్‌రేనే చూస్తూ నిలబడ్డాడు. జవాబు రూతు చెప్పింది. డాక్టరమ్మ బూటు అడుగుని ఒకసారి తిప్పి చూసి, ఇంకేమీ అడగకుండా మందుల చీటీ రాసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

ఫలితాలు వచ్చాక హన్నా స్వీట్లు పట్టుకుని వచ్చింది. అప్పుడు వరండాలో ఏంజెల్ కట్టుకాలు కుర్చీ మీద చాపుకుని కూర్చుని ఉంది. గట్టు మీది పిల్లలంతా వచ్చారు. హన్నా మాస్టారి మెడలో దండ వేసి కాళ్ళకి దండం పెట్టింది. ఏంజెల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్వీటు పెట్టబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఏంజెలే ఆ చెయ్యి పట్టుకుని నోట్లో పెట్టుకుంది. క్రమశిక్షణ అంటే ఇదీ, నేర్పినట్టు విన్నవాళ్ళు గెలుస్తారు అని జక్కయ్య దండలోంచే ఉపన్యాసం మొదలుపెట్టాడు.

ఆ గుంపులో ఓ కొత్త పిల్ల, చిన్ని, రబ్బరు చెప్పులతో వెనకాల నిలబడి ఉంది. జక్కయ్య కళ్ళు అలవాటు ప్రకారం ఆ కాళ్ళ మీద పడ్డాయి. లోపలికి పోయి ఏంజెల్ బూట్లు తెచ్చాడు. తెల్లగా మెరుస్తున్నాయి. ఆ పిల్లకి ఇవ్వబోతూ, ఏమనిపించిందో, కుడి బూటు తిరగేశాడు. జీవితంలో మొదటిసారి. బొటనవేలితో అడుగుని నొక్కాడు.

వేలు తీశాడు. గుంట పైకి లేవలేదు.

ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం ఏంజెల్ చూసింది. ఆయనకి అర్థమైంది. బెన్నీ మాట, రూతు మాట, పిట్టగోడ మీద ఒరిగిన బూటు, డాక్టరమ్మ ఊరుకోవడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తలెత్తితే కూతురు చూస్తోంది. ఆ ఒక్క నిమిషం ఏంజెల్‌కి విరిగిన కాలు గుర్తు లేదు. నాన్న ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూసింది. క్షమించమని కూడా కాదు, ఆ బూట్లు అవతల పారేసినా చాలనుకుంది.

మెడలో దండ ఉంది. చుట్టూ పిల్లలున్నారు. జక్కయ్యే ముందు చూపు తిప్పుకున్నాడు.

"పైన చెక్కు చెదర్లేదు చూడు. ఇంకా రెండేళ్ళు ఢోకా లేదు" అని చిన్ని చేతుల్లో పెట్టాడు.

చిన్ని వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టింది. వద్దు అని ఏంజెల్ అనబోయింది. రూతు వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేసింది. అనమని వేసిందో, ఊరుకోమని వేసిందో రూతుకే తెలియదు. ఈలోగా పిల్లలు చప్పట్లు కొట్టేశారు.

మర్నాడు పొద్దున్నే గట్టు మీద ఈల మోగింది. మంచం మీద ఏంజెల్‌కి సిమెంటు రోడ్డు మీద అడుగుల చప్పుడు వినిపించింది. అన్ని అడుగుల మధ్యా ఒకటి వేరుగా పడుతోంది, ఎడమది తేలిగ్గా, కుడిది బరువుగా. ఆ చప్పుడు ఎవరి బూట్లదో ఆమెకి తెలుసు, జక్కయ్యకీ తెలుసు. ఇంకో రౌండు అని ఆయన కేక కూడా వినిపించింది.