చంద్రవ్వ చూసిన ఓడ

చంద్రవ్వ పుట్టిల్లు మాక్లూరు. బోధన్ పక్కన మంజీర ఒడ్డు ఊరికి కోడలై వచ్చింది. చెరకు తోటల్లో కలుపు తీసేది, కోతల కాలంలో గడలు మోపులు కట్టేది. పెనిమిటి నదిలో జనాన్ని దాటించే పుట్టి నడిపేవాడు. ఒక వానాకాలం వరదలో పుట్టి తిరగబడింది. ఎక్కినవాళ్లను ఒడ్డుకు చేర్చి, మిగిలిన ఒక్కరి కోసం మళ్లీ నీళ్లలో దిగిన మనిషి ఇక తేలలేదు. శవమైనా దొరకలేదు.

గడ్డిబొమ్మ చేసి దహనం కానిద్దామన్నారు ఊరి పెద్దలు. అత్త భూమవ్వ ఒప్పుకుంటేగా!

"నా కొడుకు ఏడనో ఒడ్డుకు పడ్డడు. వస్తడు," అని తెగేసి చెప్పింది. కోడలి కళ్లు తడిస్తే చాలు, "బతికున్నోనికి ఏడుస్తవానే?" అని కసిరేది. అలా రెండేళ్లు గడిచాయి. చంద్రవ్వను పేరంటానికి పిలవాలా వద్దా అని ఇరుగుపొరుగు నసిగేవారు. గాజులు తీయడానికి లేదు, తనివితీరా ఏడవడానికీ లేదు. అదేం బతుకు! ఆమెకు కావలసింది ఒక్క ఏడుపు. అదీ దక్కలేదు.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో బోధన్‌లో డేరా సినిమా దిగింది. పాతకాలపు ఓడ వర్తకుల కథ. సముద్రంలో పోయినవాళ్లు తిరిగి వస్తారట అని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని భూమవ్వే కోడలిని బయల్దేరదీసింది.

సినిమాలో మాటలన్నీ హిందీ. తెర పక్కన పోశయ్య అనే డేరా మనిషి నిలబడి తెలుగులో చెప్పేవాడు. అతని నోటికి మూత లేదు. తెర మీద వాళ్లు నవ్వితే, "నవ్వుతున్నరు" అని కూడా చెప్పేవాడు.

తుఫాను వచ్చింది. జనం కేకలేశారు. చంద్రవ్వకు మాత్రం ఆ అలలు తొట్టిలో నీళ్లలాగే కనిపించాయి. మంజీర వరద చూసిన కళ్లవి.

తెర మీద తెల్లారింది. ఓడ నాయకుడు తన మనుషులను పేరు పేరునా పిలుస్తున్నాడు, ఒక్కొక్కరే పలుకుతున్నారు. చుక్కాని పట్టేవాడి పేరు వచ్చింది. ఎవరూ పలకలేదు. మరో నటుడైతే గుండెలు బాదుకునేవాడు. మరో దర్శకుడైతే మళ్లీ అలలూ ఉరుములూ చూపించి ఊదరగొట్టేవాడు. వీళ్లు ఆ పని చేయలేదు. నటుడు తల కొంచెం వంచి, చెవి ఒగ్గి నిలబడ్డాడు, అంతే. తర్వాత ఖాళీ చుక్కాని కనిపించింది. పట్టేవాడు లేక అది దానంతటదే అటూ ఇటూ తిరుగుతోంది. పాట లేదు, వాద్యం లేదు. ఆ సినిమా తీసినవాడెవరో గానీ చేతులెత్తి మొక్కాలి, ఎంతసేపు ఆగాలో అతనికి తెలుసు. పోశయ్య సైతం నోరు మూసుకున్నాడు. చివరికి నటుడు గుటక మింగి తర్వాతి పేరు పిలిచాడు. ఆ పేరు పలకడానికి అతను పడిన కష్టం చంద్రవ్వ గొంతులోకి వచ్చింది.

పిలిచి చూశాడు గనుకే ఆ మనిషి ఇక లేడని అతనికి తెలిసింది. తమ ఇంట్లో ఎవరు పిలిచారు? మొగుడి పేరు ఆడది నోట పలకకూడదు. చంద్రవ్వ ఏనాడూ పలకలేదు.

"లింబాద్రీ," అంది పైకే.

చుట్టూ తలలు తిరిగాయి. చంద్రవ్వ తల వంచి ఆగింది. భూమవ్వ చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. కొడుతుందనుకుంది చంద్రవ్వ.

"ఇంకోపారి పిలువు బిడ్డా," అంది ముసలిది. "నాతోని అయితలేదు."

చంద్రవ్వ మళ్లీ పిలిచింది. ఈసారి జవాబు కోసం ఆగలేదు. అత్త ఒడిలో తల పెట్టి బావురుమంది. భూమవ్వ వద్దనలేదు.